కుహ్మో నుంచి వచ్చిన తడి బూట్లు

లోపలికి వచ్చేవారిని, తొంగిచూసి వెనుదిరిగేవారిని ఒకే చల్లని చూపుతో కాచే ద్వారలక్ష్మికి ముందుగా అంజలి ఘటించి, ఉత్తరాన మంచుదేశంలోని యువస్కులా పట్టణంలో చేనేత మగ్గాలు చేసి అమ్మే చిన్న సంస్థలో, వెబ్‌సైటుకు వచ్చిపోయేవారి జాడలు చదివిన హిల్కా కథ చెబుతున్నాను.

హిల్కా ప్రతి ఉదయం ఎనిమిదింటికి మంచు దులుపుకొని, బూట్లు వాకిట విప్పి, ఉన్ని మేజోళ్లతోనే లోపలికి నడిచేది. కాఫీ పోసుకొని వాకిట బూట్లు పెట్టే అరల ఎదుట కూర్చునేది. ఆ దేశంలో పరుల గడప తొక్కేవారు పాదరక్షలు విడువక తప్పదు. అందుచేత సంస్థ వెబ్‌సైటు తెరిచినవారి పాదరక్షలు సైతం ఆ అరల్లోనే వెలిసేవి. సైటు మూయగానే మాయమయ్యేవి. ఎవరు ఏ పుటలో ఎంతసేపు నిలిచారో తెరమీది పట్టిక చెప్పేది. తక్కినది అరుగుదల, తడి, బురద చెప్పేవి. రెండింటినీ కలిపి చదివి, కొనగలవారెవరో యజమానికి విన్నవించడమే ఆమె కొలువు.

ఆ ఫిబ్రవరిలో యజమాని అన్సెల్మి, వెబ్‌సైటుకు జనాన్ని తోలిపెడతామన్న ఒక ప్రచార సంస్థకు రెండు వారాలు అవకాశమిచ్చి చూశాడు. అరలు నిండి, పాదరక్షలు మెట్లదాకా పొర్లాయి.

"చూశావా హిల్కా? నిన్న ఒక్కరోజే మూడు వందల జతలు. శుక్రవారం వాళ్లతో సంతకాలు. ఇక జాడలు చదివే మనిషితో పనుండదు. ఏమీ అనుకోకు," అన్నాడు.

"అనుకోవడానికేముంది గానీ, ఒకటి తిరగేసి చూడండి. అడుగున గీత లేదు, మడమ అరగలేదు, అన్నీ ఒకే కొలత. ఇవి మనుషులవి కావు, యంత్రాలవి. లెక్క పెంచడానికి తోలారు."

మగ్గాలను పెట్టెల్లో సర్దే ఐలి ముసలమ్మ అటుగా పోతూ, "మూడు వందల జతలొచ్చాయి, ఒక్క కాలూ రాలేదు. పైగా నేనే తట్టుకుని పడ్డాను నాయనా," అంది.

అన్సెల్మి గడ్డం గోక్కున్నాడు. "సరే. శుక్రవారంలోగా నిజమైన గిరాకీ ఒక్కటి చూపించు. సంతకం మానేస్తా."

బుధవారం ఆ నిగనిగలాడే కొత్త జతల నడుమ వేరే జత ఒకటి వెలిసింది: మడమ ఒకవైపు అరిగి, చీలమండ దాకా తడిసిన పెద్ద బూట్లు. హిల్కా పట్టిక చూసింది. కుహ్మో ఊరు, పెద్ద మగ్గం కొలతల పుటలో పదకొండు నిమిషాలు, పిమ్మట విచారణ ఫారం, ఆపైన ఏమీ లేదు. గురువారమూ అదే నడక, అదే తడి. పేరివ్వనివారిని వెదికి పట్టడానికి చట్టం ఒప్పదు. పిలవనిదే పలకరించడానికి అక్కడి మర్యాద ఒప్పదు.

శుక్రవారం ఉదయం బూట్లు మళ్లీ వచ్చాయి. తడి బూట్లను చూసి ఊరుకోవడం హిల్కా పెంపకంలో లేదు. తడి పీల్చుకునేలా ఊరి పత్రికను ఉండలుగా నలిపి రెండింటిలోనూ కూరింది. పదకొండు నిమిషాలు దాటగానే అవి కాగితంతో సహా మాయమయ్యాయి.

సంతకానికి గంట ముందు ఫోను మోగింది.

"కుహ్మో నుంచి తౌనోనండి. ఇక్కడ వయోజన విద్యాకేంద్రం చూసుకుంటాను. నా బూట్లలో యువస్కులా పత్రిక కనబడింది. ఆ ఊళ్లో నేను గడప తొక్కింది మీదొక్కటే. కూరింది మీరేనా?"

"నేనే."

"బాగా ఆరాయి."

తౌనో అప్పుడు అసలు సంగతికి వచ్చాడు.

"మూడు రోజులుగా ఒక్క మాట అడగాలని చూస్తున్నా. మా తలుపు ఎనభై సెంటీమీటర్లు. మీ పెద్ద మగ్గం పడుతుందా? మీ ఫారంలో పదిహేడు గడులున్నాయి. మా కేంద్రానికి ఏడాది రాబడి ఎంతని కూడా అడిగారు. ఈ మాట రాయడానికి మాత్రం గడి లేదు."

వచ్చినవారిని మరింత తెలుసుకోవాలని ఆ ఫారం కూర్చింది హిల్కాయే. ఆమె చెవులు వేడెక్కాయి.

"పడుతుందండి. విడదీసి పంపుతాం. లోపలే బిగించుకోవచ్చు."

"అయితే ఎనిమిది పంపండి. పాతవి విరిగిపోయాయి, నేర్చుకునేవాళ్లు వరసలో ఉన్నారు."

అన్సెల్మి ప్రచార సంస్థ పత్రాన్ని సంతకం లేకుండానే తిప్పి పంపాడు. "సోమవారం మామూలుగా రా," అన్నాడు హిల్కాతో, కిటికీ వైపు చూస్తూ.

ఆ మధ్యాహ్నమే ఆమె పదహారు గడులు తీసివేసి, ఒక్కటి మిగిల్చి, దానిపై కొత్తగా రాసింది: "మీరు అడగదలచినది ఏమిటి?"

ఈ కథ విన్నవారందరికీ మనసులోని మాట పెదవి దాటే ధైర్యం కలుగుగాక. ఆ మాట వినే మనిషి వేళకు దొరుకుగాక. శుభమస్తు.