నల్ల ముత్యం, ఎర్ర శంఖం

బొత్తాలు, జిప్పులు, లేసులు అమ్మే ఆ కొట్టును ఇద్దరు తోడికోడళ్ళు చూసుకునేవారు. బేరాలు లేనప్పుడు చెరో కౌంటరు వెనక కూర్చుని ఫోన్లలో దీవుల ఆట ఆడేవారు. ఎవరి దీవి వాళ్ళదే. కానీ ఒకే ఇంటివాళ్ళు గనక గేట్లు తీసే ఉంచి, ఒకరి మొక్కలకు ఒకరు నీళ్ళు పోసుకునేవారు.

పెద్దకోడలు నలభై మూడు రోజులు కాచుకుంటే, ఒకనాడు ఆమె దీవిలో వాన పడి ఒడ్డున నల్ల ముత్యం తేలింది. మొదట ఎవరు ముట్టుకుంటే వాళ్ళ పేరే దానిమీద పడుతుంది. ఆటలో ఆమె బొమ్మ ఒడ్డుకు చేరేలోగానే ఒక దర్జీ కొట్లోకి వచ్చి ఆరు జిప్పులు కావాలన్నాడు. గిరాకీని నిలబెట్టడం ఆమె వల్ల కాదు.

"ముత్యం వచ్చిందే. పీతలు ఎత్తుకుపోకుండా కాస్త కనిపెట్టుకుని ఉండు" అని చిన్నకోడలికి చెప్పి నిచ్చెన ఎక్కింది.

దిగేసరికి ముత్యం లేదు.

"పీత వచ్చేస్తోందక్కా! కంగారులో నేనే తీసేశాను."

"తీస్తే తీశావు, మరి పేరు?"

"అదేగా నా చేతిలో లేనిది!"

సాయంత్రానికల్లా ముత్యం చిన్నకోడలి దీవిలోని మ్యూజియంలో అద్దాల పెట్టెలోకి చేరింది. కింద ఆమె పేరు. అత్తగారు ఫోన్ దూరంగా పట్టుకుని చూసి, "చిన్నదాని చూపే చూపు" అని మెచ్చుకున్నారు. పెద్దకోడలు పైకి నవ్వి లోపల పళ్ళు నూరింది. పోయింది ముత్యం ఒక్కటే కాదు, నలభై మూడు రోజులు. వడ్డీతో సహా రాబట్టకపోతే తను వ్యాపారం చేసి ఏం లాభం?

మ్యూజియంలో పన్నెండు వస్తువులు నిండితే దానికి బంగారు గోపురం వస్తుంది. చిన్నకోడలికి ముత్యంతో కలిపి పదకొండు ఉన్నాయి, ఎర్ర శంఖం ఒక్కటే తక్కువ. నెలాఖరుకల్లా నిండకపోతే గోపురం మీద ఆశ వదులుకోవలసిందే. అందుకే పెద్దకోడలు ఆ శంఖం వెంట పడింది. రోజూ మూడింటికి ఆటలో సముద్రం వెనక్కి తగ్గుతుంది. పది నిమిషాలపాటు తడి ఇసుకలో బుడగలు లేచిన చోటల్లా తవ్వాలి. సరుకు చూసుకోవాలని చెప్పి, వెనక గదిలో అట్టపెట్టెల మధ్య కూర్చుని తవ్వింది. గవ్వలు, గాజు పెంకులు, ఒంటి బూటు దొరికాయి. ఇరవై రెండో రోజున శంఖం దొరికింది. గడువు ఇంకా రెండు రోజులు.

ఆమె దాన్ని దాచలేదు. దీవి మధ్యలో పెట్టి, చుట్టూ కంచె కట్టి, గేటు బార్లా తీసి ఉంచింది. చిన్నకోడలు కంచె చుట్టూ నాలుగుసార్లు తిరిగింది.

"అక్కా, ఎంత బావుందో! నాకివ్వవూ?"

"ఊరికే ఎవరిస్తారే? ముత్యం ఇచ్చి పట్టుకుపో."

"ముత్యం ఇస్తే మళ్ళీ పదకొండేగా!"

"నీ ఇష్టం. నేనేమన్నా బతిమాలానా?"

చిన్నకోడలు లెక్క వేసుకుంది. ముందు శంఖం చేతికొస్తే, అత్తగారితో చెప్పించి ముత్యాన్ని రేపటికల్లా వెనక్కి లాగవచ్చు. అక్క విరిగిన బొత్తాన్ని కూడా పారేయదు, ముత్యం ఎక్కడికి పోతుంది? పైగా దానిమీద పేరు తనదే.

"సరే, తీసుకో అక్కా."

శంఖం అటు, ముత్యం ఇటు చేతులు మారాయి. పెద్దకోడలు ముత్యం పట్టుకుని తిన్నగా ఒడ్డుకు నడిచింది. చిన్నకోడలి బొమ్మ వెనకే పరుగెత్తింది.

"అటెక్కడికక్కా? నీ ఇల్లు ఇటుంటే!"

"సముద్రంలో వేస్తే పేరు చెరిగిపోతుందట."

"అయ్యో, వద్దు! మళ్ళీ నలభై రోజులు కాయాలి! నీకూ లేకుండా పోతుంది!"

"పోనీ."

నిజంగానే వదిలేయాలా అని ఆట అడిగింది. ఆమె అవునని నొక్కింది. నీళ్ళమీద చిన్న వలయం లేచి అణిగిపోయింది.

చిన్నకోడలు కళ్ళనీళ్ళతో కౌంటరు చుట్టూ తిరిగి వచ్చింది. "ఇందులో నీకేం మిగిలిందక్కా?"

పెద్దకోడలు ఫోన్ పక్కన పెట్టి, ఆమెను ఎగాదిగా తీరిగ్గా చూసింది.

"చేతికేమీ మిగల్లేదు. కానీ నీ మొహం చూస్తుంటే గిట్టుబాటయిందే."