కొంచెం గట్టిగా చెప్పండి

ఆ రోజు ఇంట్లో ఉన్నవాళ్ళు వీళ్ళు. ముందరి మగ్గాల దగ్గర నాయన మునిరత్నం, వెనక వరస మగ్గాల దగ్గర అన్న లోకేష్, వీధి తలుపు వారన మంచం మీద అవ్వ చంద్రకాంతమ్మ, వంటింట్లో అమ్మ జ్ఞానాంబ. వదిన లేదు, పురిటికని పుట్టింటికి పోయింది. వదిన కూర్చునే చోట, నడవాలో కరెంటుతో తిరిగి కండెలు చుట్టే చక్రం ముందర, రూపశ్రీ ఉంది. ఇంట్లో ఎవరెవరు ఉన్నారని ఆ పొద్దు ఎవరైనా అడిగి ఉంటే అవ్వ మాత్రం కొడుకునీ మనవణ్ణీ చెప్పి ఊరుకునేది.

నగరిలో ఆ వీధి మొత్తం మరమగ్గాలే. మగ్గంలో అటూ ఇటూ పరుగెత్తే నాడెలో వేలంత కడ్డీకి చుట్టిన నూలు ఉంటుంది, అదే కండె. కండె అయిపోతే మగ్గం ఆగిపోతుంది. కాబట్టి తెల్లారి మొదలుకొని మగ్గాలు ఆడినంతసేపూ ఎవరో ఒకరు కండెలు చుడుతూనే ఉండాలి. ఆ ఎవరో ఒకరు ఎప్పుడూ ఆడవాళ్ళే. నిండు నెలల దాకా వదిన చుట్టింది. లుంగీలు కొనుక్కుపోయే షావుకారు వచ్చినప్పుడు నాయన గొప్పగా అంటాడు, "మా ఇంట్లో పనోళ్ళు ఎవురూ లేరప్పా, అన్నీ మేమే సూసుకుంటాము" అని. ఆ 'మేము'లో తానుందో లేదో రూపశ్రీకి ఎన్నడూ అర్థం కాలేదు. ఉంటే తన పేరు ఎక్కడా వినబడదు. లేకపోతే ఈ కండెలన్నీ ఎవరు చుట్టినట్టు?

వదినను సాగనంపి మళ్ళీ పోదామని వచ్చింది తను. తిరుపతిలో యూనివర్సిటీ, ఎమ్మెస్సీ బాటనీ, హాస్టల్లో కిటికీ పక్క మంచం. తెచ్చుకున్న సంచీలోంచి బట్టలు కూడా సగం తీయలేదు. పోతానన్న ప్రతిసారీ "రేపు పోదువులే" అన్నాడు నాయన. "ఈ పడుగు అయిపోనీ" అన్నాడు అన్న. మగ్గం మీద ఆ పడుగు నూలు అయిపోయింది, ఇంకో పడుగు ఎక్కించినారు. ఇప్పుడు రేపు పొద్దున ప్రాక్టికల్స్. పోకపోతే ఏడాది పోతుంది. ఏడాది పోతే ఇక పంపరు. ఆ మాట ఎవరూ అనలేదు, కానీ ఈ ఇంట్లో ముఖ్యమైన మాటలేవీ ఎవరూ అనరు, వాటంతట అవే జరిగిపోతాయి.

కొన్నాళ్ళుగా రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు. అన్నం గొంతు దిగడం లేదు. గుండె మీద ఎవరో పడుగు చుట్టే ఇనప బీము పెట్టి పోయినట్టు బరువు. చెప్పకుండా ఏమీ లేదు, అందరికీ చెప్పింది. "దిష్టి తగిలిందే, ఉప్పు తిప్పేస్తా" అంది అవ్వ. "ఆ ఫోను తగ్గించు, అన్నీ సరిపోతాయి" అన్నాడు అన్న. "సుమ్మా కూసోనుంటే అట్లనే ఉంటాది పాపా" అన్నాడు నాయన. ఆ మాట అనేటప్పుడు ఆయన చేతిలో ఉన్నది రూపశ్రీ అప్పుడే చుట్టి ఇచ్చిన కండె. ఊరికే కూర్చోవడమట! నవ్వాలో ఏడవాలో తెలియక ఆమె ఇంకో కండె తీసుకుంది. అమ్మ మాత్రం జీలకర్ర వేసి మరగబెట్టిన నీళ్ళు గ్లాసులో తెచ్చి పక్కన పెట్టి పోయింది. ఒళ్ళు బాగాలేదన్నా, మనసు బాగాలేదన్నా, బతుకు బాగాలేదన్నా అమ్మ దగ్గర ఉన్న మందు అదొకటే.

హాస్టల్లో పక్క మంచం పవిత్ర లింకు పంపింది. యూనివర్సిటీ విద్యార్థులకు ఆన్‌లైన్‌లో మనసు విప్పి మాట్లాడే సౌకర్యం ఉందట. 'నేనూ మాట్లాడినాను, ఏం కాదు, మాట్లాడు' అని రాసింది. రూపశ్రీ ముందు టైపు చేసి పంపే పద్ధతిలో ప్రయత్నించింది. పెద్ద పేరా రాసింది, చెరిపింది. మళ్ళీ రాసింది, చెరిపింది. చివరికి 'బాగున్నాను మేడం' అని పంపింది. అవతలామె ఓపికగా, 'వీలైతే ఫోన్లో మాట్లాడుకుందాం. మీరు ఒంటరిగా ఉండి మాట్లాడుకునే చోటు ఉందా?' అని అడిగింది.

ఒంటరిగా! ఈ ఇంట్లో వాకిలి తలుపు తప్ప గడియ ఉన్నది స్నానాల గదికే. అందులో కాస్త ఆలస్యమైతే అవ్వ తలుపు కొడుతుంది. ఫోను పట్టుకుని మిద్దె ఎక్కితే, "ఎవురే?" అంటూ అన్న వెనకాలే ఎక్కుతాడు. ఆలోచించగా ఆలోచించగా తట్టింది. మగ్గాలు ఆడేటప్పుడు పక్కనున్న మనిషి అరిచినా వినబడదు కదా. దానికంటే చాటైన చోటు ఇంకేముంది? చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, చేతులతో కండె చుట్టుకుంటూ పెదాలు కదిలిస్తే, పాటలు పాడుకుంటోందనుకుంటారు. అందుకని మగ్గాలన్నీ జోరుగా ఆడే వేళ, పదకొండు గంటలకని చెప్పింది. చాటు దొరికిందని మురిసింది గానీ, తనకు అడ్డం కాని చప్పుడు అవతలామెకు అడ్డమవుతుందని తోచలేదు.

"హలో, రూపశ్రీ? నా పేరు కోమలి. అక్కడ వర్షం పడుతోందా?"

"లేదు మేడం. మగ్గాలు."

"నగలా?"

"మగ్గాలు మేడం, మగ్గాలు!"

"సరే సరే. కొంచెం గట్టిగా చెప్పండి. ఎలా ఉంది మీకు?"

పుట్టిన దగ్గర్నుంచీ రూపశ్రీ గట్టిగా మాట్లాడింది లేదు. బడిలో హాజరు పలికితే సారుకు వినబడక ఆబ్సెంటు వేసేవాడు. అలాంటిది ఇప్పుడు నిద్ర పట్టలేదని అరిచి చెప్పాలి. గుండె బరువని అరిచి చెప్పాలి. చెప్పింది. సగం వినబడింది, సగం వినబడలేదు. వదిన పురిటికి పోయిందనీ, అన్న ఒక్కడైపోయినాడనీ, నాయనకు నడుము నొప్పి అనీ, పడుగు మధ్యలో ఉందనీ చెప్పుకుంటూ పోయింది.

"అవన్నీ వాళ్ళకు కావాల్సినవి కదమ్మా. మీకేం కావాలి?"

చక్రం తిరుగుతూనే ఉంది. ఆ ప్రశ్న తనను ఎవరైనా ఎప్పుడైనా అడిగినారా అని వెతుక్కుంది. దీపావళికి ఏ రంగు బట్టలని అడిగినారు. అంతే.

"పోవాల" అంది.

"వినబడలేదమ్మా."

"పోవాల మేడం."

"సారీ, మళ్ళీ చెప్పండి. గట్టిగా."

ఒళ్ళు మండింది. ఈ మేడం మీద కాదు, మగ్గాల మీద కాదు, ఎవరి మీదో తెలియదు. ఎన్నిసార్లు చెప్పాలి ఒక్క ముక్క? ఊపిరంతా కూడదీసుకుని అరిచింది.

"నేను పోతాను!"

అదే క్షణంలో కరెంటు పోయింది. నాయన మగ్గాలు, అన్న మగ్గాలు, ఎదురింటివి, వీధి వీధంతా ఒక్కసారిగా ఆగిపోయినాయి. గొంతు మాత్రం ఆగలేదు.

"నేను తిరుపతికి పోతాను! ఈ ఇంట్లో నాకు ఊపిరి ఆడలేదు!"

ఆ నిశ్శబ్దంలో మాట వీధి చివరి దాకా పోయింది. ఎదురింట్లోంచి "ఏంది జ్ఞానక్కా, మీ రూప ఎందుకట్ల అరస్తా ఉండాది?" అని వినబడింది. రూపశ్రీ చేతిలోని కండె జారి దొర్లుకుంటూ పోయి మగ్గం కింద చేరింది.

అన్న రెండు అంగల్లో వచ్చి ఫోను లాక్కున్నాడు. ఇయర్‌ఫోన్ తీగ ఊడి వచ్చింది. ఫోన్లోంచి కోమలి గొంతు తీరిగ్గా, "ఇప్పుడు చాలా బాగా వినిపించిందమ్మా" అంది.

"ఎవురు మాట్లాడేది?" అన్నాడు అన్న.

"యూనివర్సిటీ విద్యార్థుల కోసం పనిచేసే కౌన్సెలర్నండీ. ఫోను రూపశ్రీకి ఇస్తారా?"

"ఏం సెప్పింది అది మీతో?"

"తను చెప్పినవి నేను ఇంకొకరితో మాట్లాడకూడదండీ."

"వీధంతా ఇన్నాక ఇంకేం దాపరికం మేడం!" అని అన్న ఫోను కట్టేశాడు.

అవ్వ మంచం మీద లేచి కూర్చుంది. "కౌన్సిలరా? మన ఇంటి గొడవ వార్డు కౌన్సిలరుకు ఎందుకు సెప్పిందిరా ఇది?"

"ఆ కౌన్సిలరు కాదవ్వా. పిచ్చోళ్ళతో మాట్లాడే కౌన్సెలరు."

"ఓయమ్మా! ఇదేం పాడు రోగమే! ఎవురికైనా తెలిస్తే ఇంక నిన్నెవురు సేసుకుంటారే?"

నాయన నూలు దులుపుకుంటూ వచ్చి గోడకు ఆనుకున్నాడు. ఆయన ఎప్పుడూ కోప్పడడు, బాధపడతాడు. దానికంటే కోప్పడితేనే మేలు. "నీకేం తక్కువ సేసినాము పాపా? సదివిస్తా ఉండామే. వీధిలో నా తల కొట్టేసినట్టు సేస్తివే."

రూపశ్రీ అందరి మొహాలూ చూసింది. ఇన్నాళ్ళూ మగ్గాల చప్పుడు వల్ల తన మాట వినబడటం లేదనుకుంది. తన గొంతు చిన్నది కాబట్టి వినబడలేదనుకుంది. పాపం పనిలో ఉన్నారనుకుంది, తరవాత చెబుదామనుకుంది. ఎన్ని సాకులు వెతికి పెట్టింది వీళ్ళ కోసం! ఇప్పుడు మగ్గాలు లేవు. వీధి చివర కుళాయి కారడం కూడా వినబడుతోంది. ఎవరితో మాట్లాడినావని అడిగినారు, ఎవరెవరు విన్నారని అడిగినారు, ఊరేమంటుందని అడిగినారు. ఊపిరి ఎందుకు ఆడటం లేదని ఒక్కరూ అడగలేదు.

"నేనేం చెప్పినానో విన్నారా?" అంది. ఆ గొంతు మామూలుగానే ఉంది, చిన్నగా.

"కండెలు సుట్టేకి ఒళ్ళు వంగలేదంటివి. ఇంకేముండాది?" అన్నాడు అన్న.

"నేను కండెల మాటే ఎత్తలేదన్నా."

వంటింటి గడప మీద నిలబడ్డ అమ్మ కొంగుకు చేతులు తుడుచుకుంటూ, ఎవరికీ చెప్పనట్టుగా అంది. "ఊపిరి ఆడలేదనె."

"నువ్వు లోపలికి పోమ్మే" అంది అవ్వ.

రూపశ్రీ లేచింది. మూలనున్న సంచీ తీసుకుంది. "రేపు పరీక్ష ఉంది నాయనా. పోతా ఉండాను" అంది. అన్న చేతిలోంచి ఫోను తీసుకుంది. అతను బిగించి పట్టుకున్నాడు గానీ, తను కూడా వదల్లేదు, చివరికి అతనే వదిలాడు.

"పాపా, సెప్పేది ఇను. ఈ పడుగు..." అని నాయన మొదలుపెట్టేలోపల కరెంటు వచ్చింది. మగ్గాలన్నీ ఒక్క కుదుపుతో కదిలినాయి. ఆ కుదుపుకు పోగులు తెగుతాయి, చూసుకోకపోతే గుడ్డ పాడవుతుంది. నాయన ఒక వైపు పరుగెత్తాడు, అన్న ఒక వైపు. నడవాలో కండెల చక్రం ముందర ఎవరూ లేకుండానే తిరగసాగింది.

ఆమె మగ్గాల మధ్య నుంచి నడిచి, గడప దాటి, మెట్టు దిగింది. ఎదురింటి ఆడవాళ్ళు వాకిట్లోకి వచ్చి చూస్తున్నారు. లోపల అవ్వ వీధినీ తలుపునూ చూపించి చేతులు ఊపింది. అందరూ చూస్తున్నారు, తలుపు వెయ్యమని ఆ సైగ. వెయ్యడానికి అమ్మ వచ్చింది.

అమ్మ ఏదో అంది. ఈ చప్పుడులో ఏమీ వినబడదు, కానీ మగ్గాల ఇళ్ళల్లో పుట్టినవాళ్ళకు పెదాలు చూస్తే చాలు. 'రా' అనడానికి పెదాలు కలవవు. అమ్మ పెదాలు కలిసి విడిపోయినాయి. 'పో' అంది.

ఇంట్లోంచి బయల్దేరినవాళ్ళను ఎవరూ ఉత్త 'పో' అని పంపరు. 'పోయి రా' అంటారు. అమ్మ అంగడికి పంపినా అలాగే అనేది. ఆ రెండో మాట కోసం రూపశ్రీ మెట్టు కింద నిలబడి అమ్మ నోటి వైపే చూసింది.

అమ్మ ఆ మాట బయటికి రానీయకుండా పెదాలు గట్టిగా బిగించుకుని తలుపు మూసింది.