చివరిదాకా విన్న పాటలు

నెవిల్ ట్రాస్క్ మోకాళ్ల మీద కూర్చుని, నాణెం వేస్తే పాట వినిపించే జూక్‌బాక్స్ మూత ఎత్తి, సూదికి పట్టిన ధూళిని కుంచెతో దులిపాడు. ఒక రికార్డును చేత్తో తిప్పి, నలుగురు మగవాళ్ల గొంతుల్లో మొదటిది లేచేదాకా విని, సూది ఎత్తేశాడు. తర్వాతది పెట్టాడు. గీత పడిందో లేదో తెలియడానికి పది సెకన్లు చాలు. పంతొమ్మిదేళ్లుగా ఈ పెట్టెలు చూసుకుంటూ అతను పాటలు విన్నది అంతే.

బూడిదరంగు కోటు, పొట్టి వేళ్లు, ఎండకు కమిలిన మెడ. అతని బతుకులో చాలా సంగతులు ఆ పది సెకన్ల దగ్గరే ఆగాయి. పోర్ట్ కెంబ్లా ఉక్కు ఫ్యాక్టరీలో ఉద్యోగం మూడు నెలలు. థిరౌల్ పోస్టాఫీసులో పనిచేసే ఐలీన్‌తో పరిచయం ఒక వేసవి. నష్టపోయాననుకోలేదు. పెట్టుబడి పెట్టనిచోట నష్టమేమిటని సరిపెట్టుకున్నాడు.

పెట్టె లోపల ప్రతి పాటకూ ఒక అంకెల చక్రం ఉంటుంది. ఎవరైనా పాట నొక్కితే, అది పూర్తిగా మోగి రికార్డు మళ్లీ అరలోకి చేరాక చక్రం ఒక అంకె జరుగుతుంది. నెలకోసారి నెవిల్ ఆ అంకెలు చూసి, జనం అడగని రికార్డులు తీసి కొత్తవి పెట్టేవాడు. తన ఇష్టంతో పని లేదు. గిరాకీ ఉన్న సరుకు ఉంటుంది, లేనిది పోతుంది.

"ఎంతైంది?" కౌంటరు వెనక నుంచి మిసెస్ పాపీ అడిగింది. గ్రీసు నుంచి వచ్చి కొరిమల్ ఊళ్లో మిల్క్‌షేకులు, చిరుతిళ్లు అమ్మే ఈ మిల్క్ బార్ పెట్టిన మనిషి. మాటకు పదును ఎక్కువ.

"ఈ నెల అన్ని పాటలూ కలిపి నూట ముప్పై ఒకటి."

"కావలసింది?"

"రెండొందలు. సాయంత్రం అయిదుకు మా కంపెనీ మేనేజరు వచ్చి చూస్తాడు. తక్కువైతే పెట్టె తీసుకుపోతాడు."

"వాడికి పాటలేం తెలుసు? పన్ను పీకించుకోవడానికి కూర్చున్నట్టుంటుంది వాడి మొహం."

నెవిల్ నవ్వాడు. "పెట్టె పోతే ఆ మూల ఏం పెడతారు మీరు?"

"ఐస్‌క్రీం ఫ్రీజరు. అది నీలా వారం వారం వచ్చి నా బిస్కెట్లు తినదు."

అతను మళ్లీ నవ్వలేదు. కుర్రకారు పిన్‌బాల్ ఆట యంత్రాల వైపు పోయాక, ఈ తీరం వెంట అతనికి మిగిలిన చివరి పెట్టె ఇదే. ఇది పోతే వ్యాను తాళాలు డిపోలో ఇచ్చి ఇంటికి పోవాలి. ఇంట్లో అతని కోసం చూసేవాళ్లు లేరు. ఇక్కడ వారానికోసారైనా ఒక మనిషి తిడుతుంది.

పెట్టె వెనక పరీక్ష కోసం ఒక ఎర్ర బటన్ ఉంది. నొక్కితే నాణెం వేయకుండానే పాట మోగుతుంది, అంకె కూడా జరుగుతుంది. నెవిల్ దాన్నెప్పుడూ దొంగలెక్కకు వాడలేదు. అది తన సరుకును తానే కల్తీ చేసుకోవడమని అతని అభిప్రాయం.

అప్పుడు పన్నెండున్నర. అరవై తొమ్మిది పాటలు తక్కువ.

నొక్కాడు.

గోడవార బల్ల దగ్గర కూర్చున్నాడు. బయట సన్నని వాన. నలుగురు కుర్రాళ్ల గొంతులు లేచాయి, అడుగున ఒక లోతైన గొంతు నేలలా పరుచుకుంది. పది సెకన్లు దాటాయి. ఆ తర్వాతంతా అతనికి తెలియని చోటు. పాట మధ్యలో ఒక గొంతు విడిపోయి పైకి పోతుందనీ, మిగతా ముగ్గురూ దానికోసం కాచుకుని ఉంటారనీ ఇన్నేళ్లూ తెలియదు. పైగా పాట ముగియలేదు. పాడుతూ పాడుతూనే ఆ నలుగురూ ఏదో దారివెంట దూరంగా నడిచిపోయినట్టు సన్నగిల్లింది.

లేచి మళ్లీ నొక్కాడు. గిటార్ల బృందాలు, ఒకేరకం కోట్లు తొడుక్కున్న అన్నదమ్ములు, అమ్మాయి పేరును బతిమాలుతున్నట్టు పిలిచే గొంతులు. ఒక పాటలో ఐలీన్ పసుపు గౌను కనిపించింది. మరో పాటలో కొలిమి వెలుగు. కిటికీలోంచి సముద్రం లోపలికొచ్చి కుర్చీల కింద కదులుతున్నట్టుంది.

"ఎవరు నొక్కుతున్నారు ఇన్ని పాటలు?" పాపీ అడిగింది.

"ఎవరో."

"ఆ ఎవరో చాక్లెట్ మిల్క్‌షేక్ తాగుతాడేమో అడుగు."

"మాల్ట్ పొడి ఎక్కువేస్తే తాగుతాడట."

స్టీలు గ్లాసు నిండా తెచ్చి పెట్టింది. "ఇన్నేళ్లకు నీకు బుద్ధొచ్చింది నెవిల్," అంది. అతను ఆ చల్లదనాన్ని రెండు చేతులతో పట్టుకుని, ఈ పాట అయ్యాక తాగుదామనుకున్నాడు. తల గోడకు ఆనించాడు.

మూడున్నరకు పాట ఆగింది, అతను లేవలేదు. నిద్రపట్టిందనుకుంది పాపీ. చప్పుడు కాకుండా వెళ్లి ఎర్ర బటన్ తానే నొక్కింది. మాంసం పైలు వేడిచేస్తూ, బల్లలు తుడుస్తూ, పాట అయినప్పుడల్లా వెళ్లి నొక్కింది.

అయిదుకు మేనేజరు వచ్చి మూత ఎత్తి అంకెలన్నీ కూడాడు. "రెండొందల మూడు. ఫరవాలేదే! పెట్టె ఉండనివ్వండి," అన్నాడు. "మావాణ్ణి లేపండి, ఈ మాట చెబుదాం."

పాపీ వెళ్లి భుజం తట్టింది. తట్టిన చెయ్యి అక్కడే ఉంచేసింది. చాలాసేపు తీయలేదు.

అతన్ని తీసుకువెళ్లాక ఆమె బల్ల తుడవలేదు. స్టీలు గ్లాసు మీద చెమ్మలో పది వేళ్ల గుర్తులున్నాయి, లోపల మిల్క్‌షేక్ అంచుదాకా అలాగే ఉంది.