వేలాడే చెట్టు కింద

పైన్ చెట్లు కొట్టే ముఠాలో పనాపా అనే కుర్రాడు చేరింది మేనమామ మాటియును చూసే. కొట్టిన చెట్టు నేలకు రాకుండా పక్క చెట్టు కొమ్మల్లో చిక్కుకుని వేలాడితే ఎవరైనా దూరం జరుగుతారు. మాటియు మాత్రం తిన్నగా దాని కిందకే నడిచి, అది ఆనుకున్న చెట్టును మోటారు రంపంతో కోసి, రెండూ కూలేలోగా ఇవతలికి వచ్చేసేవాడు. ఏ పెళ్ళిలో నలుగురు మగాళ్ళు కూడినా ఆ ముచ్చటే.

ఒక రోజు అలాంటి చెట్టొకటి చిక్కుకుంది. ఇప్పుడు ముఠాకు మేస్త్రీ అయిన మాటియు తలెత్తి చూశాడు.

"దాని జోలికి పోకండి. చెట్లు లాగే మిషన్ అవతలి కొండ మీదుంది. వచ్చేదాకా ఆగుదాం."

"ఏంటి మావా, మోకాళ్ళ నొప్పులా?" అన్నాడు ముఠాలోని తిపెనే. అందరూ నవ్వారు.

"మోకాళ్ళు బానే ఉన్నాయిరా. భయమేస్తోంది."

నవ్వులు ఆగిపోయాయి. ఆ మాట ఆయన నోట ఎవరూ ఏనాడూ వినలేదు. పనాపాకు తల కొట్టేసినట్టయింది. అన్నది ఆయనైతే సిగ్గు తనకెందుకో అర్థం కాలేదు. రంపం అందుకుని చెట్టు కిందకు నడిచాడు.

"ఒరేయ్ పనాపా! ఆగరా! నీకే చెప్పేది!"

ఆగలేదు. కోత పూర్తి కాగానే పక్కకు దూకాడు. రెండు చెట్లూ కొండ అదిరేలా పడ్డాయి. ఒంటి మీద గీత కూడా పడలేదు. తిపెనే ఈల వేశాడు. పనాపా నవ్వుతూ మామకేసి చూశాడు. మాటియు ఒక మొద్దు మీద కూలబడి ఉన్నాడు, నెత్తురుచుక్క లేని ముఖంతో.

"రంపం అక్కడ పెట్టి ఇంటికి పో."

"నేనేం తప్పు చేశాను? నువ్వు చేసిందేగా! నేర్పింది నువ్వే కదా మావా!"

"నేనేరా. అన్నాళ్ళూ కింద ఉండి చేశాను. ఇవాళే ఇవతల నిలబడి చూశాను," అన్నాడు మాటియు.

ఇంట్లో పనాపా భార్య కిరి నూనెలో రొట్టెలు వేయిస్తోంది. జరిగింది విని, "భయం వెయ్యలేదా నీకు?" అంది.

"లేదు."

అని, మళ్ళీ ఆలోచించాడు. చెట్టు ఎలా ఉందో, ఎటు ఒరిగిందో ఎంత తలుచుకున్నా గుర్తు రాలేదు. వెనక నుంచి తనను చూస్తున్న కళ్ళు మాత్రం గుర్తున్నాయి. ఆ సంగతి కిరికి చెప్పలేదు. రొట్టె తింటూ కూర్చున్నాడు.

పనాపా తిరిగి పనిలోకి వెళ్ళిన ఆ వారంలోనే మరో చెట్టు చిక్కుకుంది. ఈసారి అందరూ పనాపా వైపే చూశారు. అతని కాళ్ళు వాటంతటవే ముందుకు వెళ్ళబోయాయి.

"మిషన్ రానిద్దాం," అన్నాడు పనాపా.

"ఇదిగో, ఇంకో ముసలోడు తయారయ్యాడు," అని తిపెనే గొణిగాడు.

మిషన్ వచ్చింది. చెట్టును మెల్లగా లాగి పడేసింది. ఈల వేసినవాళ్ళు లేరు, భేష్ అన్నవాళ్ళు లేరు. అంతా ఎవరి పనిలో వాళ్ళు పడ్డారు. తాను జాగ్రత్తపడ్డాడో, జడుసుకున్నాడో పనాపాకు ఎటూ తేలలేదు. అడుగుదామని మామ వైపు తిరిగాడు. ఆయన ముఖం చూస్తే ఆయనకూ తెలిసినట్టు లేదు.