గిరి వేయించని ఉల్లి రింగులు

గిరి మా వంటింట్లో ఫ్రిజ్ తలుపుకి వీపు ఆనించి నిలబడి ఉన్నాడు, నేను ఆ తలుపు తియ్యాలి, వాడు తప్పుకోవడం లేదు. వాడు నా తమ్ముడు. చనిపోయాడు. ఆ సంగతి వాడికీ తెలుసు, నాకూ తెలుసు, కానీ దాని గురించి మాట్లాడుకునే తీరిక ఇద్దరికీ లేదు, ఎందుకంటే తుఫానుకి స్తంభాలు కూలి ఊళ్ళో కరెంటు పోయింది, ఫ్రిజ్ కింద నుంచి నీళ్ళు కారి నా పాదాలు తడుపుతున్నాయి, లోపల ఐస్ గడ్డల మధ్య మూత బిగించిన డబ్బా ఒకటి ఉంది.

"తప్పుకోరా. డబ్బా తీసుకెళ్ళి ఎక్కడైనా చల్లగా ఉన్నచోట పెట్టాలి" అంటున్నాను.

"ఊరంతా చీకటే కదక్కా. ఎక్కడ పెడతావేటి?"

నిజమే. అయినా పెట్టాలి. ఆ డబ్బాలో ఉన్నవి వాడు చేసిన ఉల్లి రింగులు. ఉల్లిపాయల్ని మందంగా చక్రాల్లా కోసి, పొరలు విడదీసి, మజ్జిగలో కలిపిన మైదాలో ముంచి, బ్రెడ్ పొడిలో దొర్లించి, మళ్ళీ ముంచి, మళ్ళీ దొర్లించి, డబ్బాలో సర్ది, "సాయంత్రం దాకా గట్టిపడనీ. నువ్వు మాత్రం ముట్టుకోకు, వచ్చి నేనే వేయిస్తాను" అని చెప్పి, ఇంట్లో టమాటా సాస్ లేదని బండి తీసుకుని వెళ్ళాడు. నేను ముట్టుకోలేదు. ఆ సాయంత్రమూ ముట్టుకోలేదు, ఆ తర్వాత ఏ సాయంత్రమూ ముట్టుకోలేదు.

"సాస్ దొరికిందా?" అని అడుగుతున్నాను.

"దుకాణం దాకా వెళితే కదా" అంటున్నాడు. వాడి గొంతులో బాధేమీ లేదు, బస్సు తప్పిపోయినవాడు ఇంటికొచ్చి చెప్పినట్టు చెబుతున్నాడు, ఆ మాటతోనే మేము నిజంగా బస్సులో ఉన్నాం, కిటికీల బయట వాన, సీటు కింద అదే నీరు, డబ్బా నా ఒళ్ళోకి వచ్చేసింది, చిన్నప్పుడు అమ్మ పనికి వెళితే వీణ్ణి ఎత్తుకుని కూర్చున్నప్పుడు ఎంత బరువుండేవాడో ఇప్పుడు డబ్బా అంత బరువుగా ఉంది, చలికి నా తొడలు తిమ్మిరెక్కుతున్నా దాన్ని కింద పెట్టబుద్ధి కావడం లేదు.

"బావ ఇంకా వీటిని టైర్ల బజ్జీలంటున్నాడా?"

"మానేశాడు."

"అదేటి? అంత బాగా ఏడిపించేవాడు."

"ఎవర్ని ఏడిపిస్తాడురా?"

వాడు కిటికీ వైపు చూస్తున్నాడు. బస్సు మా వీధిలోంచే వెళుతోంది, కానీ మా ఇల్లు రావడం లేదు, మళ్ళీ మళ్ళీ వాడి బండి పడిపోయిన ఆ మలుపే వస్తోంది.

"వేయించెయ్యక్కా" అంటున్నాడు.

"వేయిస్తే అయిపోతాయి."

"వేయించకపోతే ఉంటాయేటి? నీరుకారిపోతాయి. అప్పుడు బావ వాటిని కవర్లో కట్టి గుమ్మం బయట పెడతాడు. నేను చేసింది చెత్తబండి ఎక్కాలా?"

"నీ చేత్తో చేసినవి ఇంకేం మిగల్లేదురా, గిరీ."

"మిగలడానికి నేనేమైనా ఆవకాయ పెట్టానా?" వాడు నవ్వుతున్నాడు. "ఉల్లిపాయకి పిండి అంటించాను. వేడిగా ఉన్నప్పుడే కరకరలాడతాయి. కాసేపు పోతే సాగుతాయి. వాటి బతుకంతే."

అడగకూడదనుకుంటూనే అడిగేస్తున్నాను, ఆ రోజు నుంచి ఆస్పత్రిలో డాక్టర్నీ, పోలీసునీ, ఆ మలుపులో ఉండే టీ కొట్టతన్నీ అడిగి ఎవరి జవాబూ నమ్మలేకపోయిన మాట. "చాలా నొప్పేసిందా?"

"నూనె పొగలు కక్కేదాకా కాగనివ్వకు" అంటున్నాడు. "చిన్న పిండి చుక్క వేసి చూడు, వెంటనే తేలితే చాలు. అన్నీ ఒకేసారి కుమ్మరించకు, నీకా తొందరుంది."

"నేనడిగింది అది కాదురా."

"తెలుసు. నాకు తెలిసింది ఇదే."

ఇప్పుడు బస్సు లేదు, వంటిల్లూ కాదు, నడుము లోతు నీళ్ళలో ఎదురెదురుగా నిలబడి ఉన్నాం, డబ్బా మా మధ్య తేలుతోంది, వాడు మూత తీసి ఒక రింగుని రెండు వేళ్ళతో పైకెత్తి, సరిగ్గా చుట్టూ అంటిందా లేదా అని వెలుతురుకి ఎదురుగా పెట్టి చూసుకుంటున్నాడు, ఆ వెలుతురు ఎక్కడిదో తెలియదు, వాడి మణికట్టు పట్టుకోబోతే నా చేతికి పిండి మాత్రమే అంటుతోంది.

"ఈ ఒక్కసారికి నువ్వే వేయించి వెళ్ళరా."

"నాకు పొయ్యి వెలగదక్కా."

నీళ్ళు వాణ్ణి వెనక్కి జరుపుతున్నాయి. వాడు కంగారుపడటం లేదు. నేనే వాడి వైపు నడవాలని చూస్తున్నాను, ఎంత నడిచినా డబ్బా దగ్గరే ఉన్నాను.

"ముట్టుకోవద్దన్నావు కదరా" అని అరుస్తున్నాను.

"ఆ సాయంత్రం దాకానే అన్నాను" అంటున్నాడు, దూరమైపోతున్నా గొంతు పక్కనే వినిపిస్తోంది. "ఇంక ముట్టుకో."

కళ్ళు తెరిస్తే హాల్లో చాప మీద ఉన్నాను. మధ్యాహ్నం వెలుతురు. వాన తెరిపిచ్చింది, కరెంటు ఇంకా రాలేదు. మా ఆయన వంటింటి గుమ్మంలో పాత దుప్పటి పట్టుకుని నిలబడి ఉన్నారు.

"ఫ్రిజ్‌లోంచి నీళ్ళొచ్చేస్తున్నాయి. తుడుస్తున్నాను. ఆ డబ్బా మటుకు..." అని ఆగిపోయారు.

"పొయ్యి మీద నూనె పెట్టండి" అన్నాను.

ఆయన దుప్పటి గుమ్మంలోనే పడేసి లోపలికెళ్ళారు. గ్యాస్ వెలిగిన చప్పుడు వినిపించింది. నేను డబ్బా తీసి గట్టు మీద పెట్టి మూత తెరిచాను. అంచుల్లో చెమ్మ చేరింది, మధ్యలో ఇంకా గట్టిగానే ఉన్నాయి. ఒక్కొక్కటీ విడదీస్తుంటే కనిపించింది. ప్రతి రింగుకీ ఒకచోట, ఎదురెదురుగా, బ్రెడ్ పొడి అంటని మచ్చలు రెండు. బొటనవేలంత ఒకటి, చూపుడువేలంత ఒకటి. నా వేళ్ళకన్నా కాస్త పెద్దవి.

నూనె కాగింది. నా వేళ్ళు రెండూ ఆ మచ్చల మీద పెట్టి మొదటిదాన్ని పట్టుకుని, మెల్లగా అందులోకి జారవిడిచాను.