అద్దం అవతలి మాట

బతుకుతెరువుకు వలసొచ్చిన నాగావ్‌ల బట్టలు నేసే కరెంటు సాంచెలు బందయి నాలుగు నెల్లాయె. ఆ సప్పుడు లేని పొద్దు ఆగమ్మకు ఇంకా అలవాటు కాలే. పెనిమిటి కనుకయ్య ఇరవై రెండేండ్లు అక్కడ సాంచెలు నడిపిండు, తను అదే కార్ఖానాల నూలు కండెలు చుట్టింది. ఇప్పుడు ఆయన పొద్దుగాల్నే తానం జేసి ధామన్‌కర్ నాకా చౌరస్తల కూలికి నిలబడుడు, ఎవడూ పిలువక మళ్లొచ్చుడు. ఆమె నాలుగిండ్లల్ల అంట్లు తోముతుంది. పొయ్యి ఒక్క పూటే వెలుగుతుంది.

గసొంటప్పుడు సర్కారుకు మెలకువొచ్చింది. పని పోయినోళ్లకు ఆర్నెల్లు బియ్యం, పప్పు ఇస్తరంట. మంచిదే. కానీ సాంచెల పని చేసినట్టు కార్ఖానా సేఠు చిట్టీ రాసియ్యాల్నంట. ఏ సేఠు రాస్తడు? రాస్తే లెక్కలకెక్కియ్యకుంట ఇంతమందిని పెట్టుకున్ననని ఒప్పుకున్నట్టే గదా. వీళ్ల సేఠయితే కనుకయ్య మొఖం జూసి, నువ్వెవరో నాకెరుకే లేదన్నడు. చిట్టీ లేకుంటే పాయె, పోయి అడుగుదాం పా అని ఆగమ్మ మొగన్ని లేపింది.

ఆ దినమే ఆఖరు. ఐదింటికి పేర్లు రాసుడు బందు. నార్పోలిల సర్కారోళ్లు తెరిచిన గది ముందట నలభై మంది సాంచెలోళ్లు కూసున్నరు, ఒక్కలకాడ చిట్టీ లేదు. మందపు అద్దం తలుపు అవతల పేర్లు రాసే సాబు, పక్కన గుమస్తా. లోపలి మాట ఒక్క ముక్క బయటికి రాదు.

మూడున్నరకు సాబు గుమస్తా దిక్కు వంగి ఏదో చెప్పి నవ్విండు. గుమస్తా బయటికొచ్చి, సర్వర్ డౌన్ అయింది, రేపు రాండ్రి అన్నడు. జనం లేవబోయిన్రు. కనుకయ్య కదల్లే. ఆగమ్మ దిక్కు తిరిగి, సప్పుడు లేకుంట ఉత్త పెదవులు ఆడించిండు. ఆమె వెనుకున్న తోటి సాంచెలాయన రాజలింగానికి అట్లనే చెప్పింది. నిమిషంల నలభై మందికి ఎరుకాయె. అందరూ మళ్ల కూసున్నరు.

ఆగమ్మ తలుపు నూకి లోపలికి పోయింది. హిందీల గట్టిగనే అడిగింది: సర్వర్ మంచిగనే ఉన్నది గద సాబ్, ఐదు దాటితే ఈ పీడ పోతది, డౌన్ అయిందని చెప్పు అని గుమస్తాతోని మీరే అన్నరు గద అని. సాబు మొఖం తెల్లబోయింది. నువ్వే చెప్పినవా అన్నట్టు గుమస్తాను గుడ్లురిమి జూసిండు.

"ఆయన్ననకుండ్రి సాబ్, ఎవరూ చెప్పలే," అన్నది ఆగమ్మ. "సాంచెల మోతకు మా ఇంటాయన చెవులు ఎన్నడో పోయినయి. ఆ మోతల పక్కనోని మాట గూడ వినబడది. అందుకే మేమందరం మూతి జూసి మాట పట్టుకుంటం. చిట్టీ అడిగిండ్రు గద, ఇగ ఇదే మా చిట్టీ. నమ్మకుంటే ఇంకో మాట మెల్లగ అనుండ్రి. బయటున్నోళ్లల్ల ఎవర్నన్న పిలిచి ఏమన్ననో చెప్పుమనుండ్రి."

సాబు అద్దం దిక్కు జూసిండు. నలభై మంది కండ్లు ఆయన మూతి మీదనే ఉన్నయి. గుమస్తాకు ఏదో చెప్పబోయి, చెయ్యి మూతికి అడ్డం పెట్టుకున్నడు. ఆ చెయ్యి దించి కీబోర్డు దగ్గరికి గుంజుకున్నడు.

ఆగమ్మ కుర్చీల కూసున్నది.

"కనుకయ్య, సాంచెల కార్మికుడు, ఇరవై రెండేండ్లు," అన్నది. "ఆయన పేరు కింద నా పేరు గూడ రాయుండ్రి. ఆ సాంచెల మీద ఆడిన కండెలు నేను చుట్టినయే."