పన్నెండో కిటికీ

మా నాన్న పారిపోయాడని రాసింది మీరే. ఆ రాతను అద్దాలపెట్టెలో పెట్టి జనానికి చూపించబోతున్నదీ మీరే. జైలు అధికారులూ, పాతభవనాల శాఖవాళ్ళూ, వినండి.

తాపీపనివాళ్ళచేత పని ఆపించాడని జైల్లో వేశారు నాన్నని. ముప్పై ఎనిమిదేళ్ళు మా అమ్మ "పారిపోయినవాడి పెళ్ళాం" అనిపించుకుంది. తనూ నమ్మింది. ఎవత్తినో కట్టుకుని ఎక్కడో సుఖంగా ఉన్నాడని తిట్టిపోసేది.

జైలుని మ్యూజియం చెయ్యడానికి మీరు పెట్టుకున్న తాపీమేస్త్రీ మా మామయ్యే, అమ్మ తమ్ముడు. మూరెడు మందం గోడలు, నడుం వంచితేగానీ దూరలేని తలుపులు, పైన జానెడు కిటికీలు. ఇంజనీరు పటం పట్టుకుని తలుపులు లెక్కపెట్టాడు, పదకొండు. మామయ్య బయట నిలబడి కిటికీలు లెక్కపెట్టాడు, పన్నెండు.

"మేస్త్రీ, నీకు లెక్కలు కూడా వచ్చా?"

"రావు సార్. పన్నెండు వేళ్ళు లేవుగా, అందుకే రెండుసార్లు లెక్కపెట్టా."

ఆ పన్నెండో గదికి తలుపుండాల్సిన చోట గోడ పైభాగం పగలగొట్టాడు. నాకు ఫోన్ చేశాడు. "అమ్మాయ్, తొందరగా రా. అక్కకి చెప్పకు."

వెళ్ళాను. ఎముకలు. పక్కన రేకుబిళ్ళ, రెండువందల పద్నాలుగు. జైలునుంచి వచ్చిన ఒకే ఒక్క కార్డుమీద నాన్న పేరు పక్కనున్న అంకె అదే.

మామయ్య లైటు గోడ లోపలివైపు వేశాడు. కింది వరసల్లో ఇటుకల మధ్య సున్నం లేదు.

"ఆరిన సున్నం ఇలా ఊడదే. పచ్చిగా ఉండగా గీకాడు. బిళ్ళ చూడు, ఓ అంచు అరిగిపోయింది. పైవాటి జోలికే పోలేదు. కింద నాలుగు వరసలు లాగితే మనిషి దూరతాడు. తెలుసు బావకి. నాకు తాపీ పట్టడం నేర్పింది ఆయనేగా…"

అక్కడే కూలబడ్డాడు. బతికున్న మనిషిని లోపలుంచి గోడ కట్టారు!

మధ్యాహ్నం మీ ఆఫీసరు వచ్చాడు. "ఎల్లుండి ప్రారంభోత్సవం. మూసేసి సున్నం కొట్టు." మామయ్య తాపీ అతని కాళ్ళముందు పడేశాడు.

అమ్మకి చెప్పక తప్పలేదు. "అయితే పారిపోలేదా?" అంది.

"ఇంటికి రావడానికే గీకాడమ్మా."

"అన్నేళ్ళు తిట్టానే!" అని నోరు కొట్టుకుంది.

ఇప్పుడామె మీ గేటుముందు కూచుంది. ఆ గోడమీద చెయ్యి పడనివ్వదు. 'పరారీ' అన్న మాట కొట్టేసి, చంపామని రాయండి. గోడ కట్టించిందెవరో, ఆ కిటికీలోంచి అరుపులు విని ఊరుకున్నదెవరో పేర్లు చెప్పండి. నాన్నని ఆమెకి అప్పజెప్పండి. ఎల్లుండి కాదు, ఇవాళే.